మాట తేటగా పలికే జత

పొద్దున కాఫీ గ్లాసు చేతికి అందక ముందే చెంగయ్య తేల్చి చెప్పేశాడు.

"ఈ ఫోన్లో హరికథ వినేదానికంటే ఊరకుండేది మేలు. రేకు డబ్బాలో రాళ్ళేసి ఆడించినట్టుండాది. రేపు నన్ను ఐరాల బస్సెక్కించు."

సొంతూరు ఐరాలలో ఇంటికి తాళం. చూపు పూర్తిగా పోయిన మనిషి అక్కడ ఎవరి చెయ్యి పట్టుకుని నడుస్తాడని భానుశ్రీ అడగలేదు. అడిగితే నాయన ఆ పూటే బయలుదేరతాడు.

ఊళ్ళో భారతం హరికథ జరిగినన్నాళ్ళూ మైకు పక్కనే చోటు పట్టుకునే మనిషి ఆయన. కూతురింట్లో ఆయనకి మిగిలింది ఆ హరికథలొక్కటే. అల్లుడు కొనిచ్చిన బ్లూటూత్ డబ్బాని ఒక్క పూటకే మంచం కిందికి తోసేశాడు. దాంట్లో దడదడ తప్ప మాట లేదట.

తిరుచానూరు లాడ్జిలో తన కౌంటరు ఇంకొకరికి అప్పగించి, ఎండన పడి తిరుపతికి వచ్చింది భానుశ్రీ. మొదటి షాపులో నడుమెత్తు స్పీకర్లు చూపించారు. వాటిని నాయన గదిలో పెడితే మంచం వరండాలో వేయాలి. రెండో షాపాయన ఫోన్లోంచి తలెత్తకుండానే చిన్నవి లేవన్నాడు.

మూడో షాపు మేడమీద ఒకే ఒక్క మనిషున్నాడు. అరవై దాటినట్టుంది. కింద పనివాళ్ళందరికీ ఉన్నట్టే లేతనీలం చొక్కా. బల్లమీద రెండు చిన్న స్పీకర్లు, పక్కన యాంప్లిఫయరు పెట్టుకుని వైరు దూర్చలేక అవస్థ పడుతున్నాడు.

"ఏమప్పా, చిన్న గదికి స్పీకర్లు కావాల. చూపించు," అంది.

అందరూ అన్నానికి పోయినారని ఆయన మెట్లవైపు చూపించాడు.

"నువ్వుండావు కదా."

ఆయన ఏదో అనబోతే ఆమె వినిపించుకోలేదు.

ధర అడిగితే కింద అడగాలన్నాడు. స్టాండులున్నాయా అంటే తనే చుట్టూ వెతికి చూశాడు. ఎర్రవైరు నల్లదాని చోట దూర్చి, పెట్టెలో వచ్చిన కాగితం తిరగేసి, మళ్ళీ పీకాడు. ఇలాంటి మనిషికి జీతమెలా ఇస్తున్నారో అని ఆమెకి ఒళ్ళు మండింది. వైరు ఆయన చేతిలోంచి లాక్కుని తనే దూర్చింది.

"వినేది ఎవరమ్మా?" అడిగాడు ఆయన.

"ఎవరైతే నీకేంటికి? మా నాయన. కండ్లు కనపడవు. మాట తేటగా పలకాల, అంతే. లేకపోతే రేపు ఊరికి పోతానంటా ఉండాడు."

ఆయన ఫోనిమ్మని చెయ్యి చాచాడు. ఆమె ఫోను తీసుకుని తీగ తగిలించాడు.

ముందు చిడతలు మోగాయి. తర్వాత, పద్యం ఎత్తుకునే ముందు కథకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. పొద్దుటినుంచీ తిరుగుతున్న భానుశ్రీకి మొదటిసారి కాళ్ళనొప్పి గుర్తు రాలేదు.

"ఇవే ఇచ్చేయి."

"ఇవి..." ఆయన ఒక స్పీకరు మీద చెయ్యి వేసి ఆగాడు.

"స్టాకు లేదని మాత్రం చెప్పొద్దప్పా. ఎక్కడికి పోయినా అదే వింటా ఉండాను."

ఆయన కాసేపు ఆ స్పీకర్ల వంక చూసి చెయ్యి తీసేశాడు. కింద చెప్పొస్తానని మెట్లు దిగాడు.

అదొక ఆలస్యం. తిరిగొచ్చాక ప్యాకింగు మరీ నిదానం. స్పీకర్లూ యాంప్లిఫయరూ ఒక్కొక్కటీ చేతిగుడ్డతో తుడిచి, థర్మోకోలులో కూర్చోబెట్టి, రిమోటు ఒక పక్క, వైరు చుట్ట ఒక పక్క పెట్టాడు. స్పీకర్లు కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి రావాలని కాగితంలో రాసుందని, స్టూలు మీద పెట్టమని చెప్పాడు. కింద ఆటో ఆగి ఉందని ఆమె గుర్తుచేయాల్సి వచ్చింది.

బిల్లు కట్టేటప్పుడు ఇక ఆగలేకపోయింది. "పైన ఉండే మనిషిని మార్చండన్నా. ఏ వైరు యాడ పెట్టాలో తెలీదు, ఏది అడిగినా కిందకి చూపిస్తాడు."

షాపు ఓనరు మునిశేఖర్ నోరు తెరిచాడు. ఆమె భుజం మీదుగా మెట్లవైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఆ మనిషి పెట్టె మోసుకుంటూ, చెప్పొద్దని తలాడిస్తూ దిగుతున్నాడు. ఆటోలో జాగ్రత్తగా పెట్టాడు. భానుశ్రీ ఆయన ముఖం కూడా చూడకుండా పోనివ్వమంది.

సాయంత్రం చెంగయ్య మంచం దిగి, తడుముకుంటూ వచ్చి స్టూలు పక్కన కూర్చున్నాడు.

"ఎవురో పక్కన కూసోని చెప్తా ఉన్నట్టే ఉండాదే," అన్నాడు.

ఒక కథ అయిపోయి రెండోది మొదలైంది. ఐరాల మాటెత్తలేదు.

అంతలో ఒక స్పీకరు మూగబోయింది. చెంగయ్య ముఖం ముడుచుకుంది. భానుశ్రీకి మళ్ళీ కోపం తన్నుకొచ్చింది. షాపుకి ఫోను చేసి, అమ్మిన మనిషినే ఇంటికి పంపించమంది.

మునిశేఖర్ వైరు ఇంకొంచెం లోపలికి నొక్కమన్నాడు. నొక్కగానే చిడతలు మోగాయి. చెంగయ్య మళ్ళీ స్టూలు వైపు ఒరిగాడు.

"ఈ ముక్క ఆయనే చెప్పుండొచ్చు కదన్నా," అంది విసుగ్గా.

"ఆయన మా మనిషి కాదు మేడం," మునిశేఖర్ గొంతు తగ్గింది. "ధనంజయ అని, బంగారుపాళ్యం ఆయన. పెండ్లిరోజుకి భార్యకిద్దామని నెల ముందే చెప్పి ఆ జత తెప్పించుకున్నాడు. తీసుకుపోయే ముందు పలుకుతాయా లేదా అని చూసుకుంటా ఉన్నాడు. మీరు అడిగినాక కిందికొచ్చి, 'మా ఇంటామెకి కండ్లుండాయి కదప్పా, ఈసారికి చీరతో సర్దుకుంటాది, ఆయమ్మకే ఇచ్చేయి' అని చెప్పి, ఉత్త చేతుల్తో బస్సుకి పోయినాడు."