మూడో గ్లాసు

“నారింజ వద్దు సార్. ఇంకేదైనా పెట్టండి, అది మాత్రం వద్దు.”

ముక్కమ్మ మూడో గ్లాసును బల్ల చివరికి నెట్టేసింది. సారాయి కంపెనీలో ఏ రకానికి ఏ పరిమళం కలపాలో వాసన చూసి తేల్చడం ఆమె పని. అందుకే ఆ పేరు. ఆమె సంతకం పడందే ఏ సీసాకూ లేబులెక్కదు.

కొత్త మేనేజరుకు చిర్రెత్తుకొచ్చింది. “అల్లం ఎవడిక్కావాలి? లవంగం ఎవడిక్కావాలి? పదిమందికి రుచి చూపిస్తే పదిమందీ నారింజే అన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది నీ వరస.”

“తియ్యగా ఉంది సార్. సారాయని తెలియట్లేదు.”

“తెలియకపోవడమే కదమ్మా మనక్కావాల్సింది!”

“తెలియాలి సార్. మూత తియ్యగానే ముక్కు మండాలి.”

పాళ్లు కలిపే ముసలాయన పక్కనుంచి నవ్వాడు. “ముక్కు మండించుకోడానికి ఎవడైనా డబ్బిస్తాడటే? నాలుగు నెలలు సెలవెందుకు పెట్టావో చెప్పవు, వచ్చీ రాగానే పేచీ. సంతకం గీకెయ్యి తల్లీ, నోట్లో మన్ను కొట్టుకోకు.”

“ఆఖరిసారి చెప్తున్నా,” అన్నాడు మేనేజరు. “ఇంకోసారి చూడు. సంతకం పెడితే పెట్టు, లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు.”

ముక్కమ్మ మళ్లీ మొదలుపెట్టింది. వాసన మీద వాసన చూస్తే ముక్కు మొద్దుబారుతుంది. మధ్యలో మోచేతి మడతలో ముక్కు పెట్టి సొంత ఒంటి వాసన పీల్చుకుంటే తేటపడుతుంది. అక్కడ అందరూ చేసేదదే. అల్లం చూసింది, మోచెయ్యి. లవంగం చూసింది, మోచెయ్యి. నారింజ చూసింది, ఈసారి మోచెయ్యి కాదు. సంచిలోంచి బిగించి కట్టిన ప్లాస్టిక్ కవరు తీసి, ముడి విప్పి, బొత్తాం ఊడిన చిన్న చొక్కాలో ముఖం దాచుకుంది.

“ఓహో! పిల్లాడి పాలవాసనా?” మేనేజరు కాస్త మెత్తబడ్డాడు. “ఎన్నేళ్లేంటి?”

“నాలుగు.”

“వాడి కోసమైనా ఉద్యోగం నిలుపుకోవాలా వద్దా?”

ముక్కమ్మ చొక్కా అతని చేతిలో పెట్టింది. “మీరే చూడండి సార్.”

నవ్వుతూనే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మూడో గ్లాసు వంక చూశాడు. మళ్లీ చొక్కా వంక చూశాడు.

“ఇదేంటి, మన సరుకు వాసన! ఒంటి మీద ఒలకబోసుకున్నాడా?”

“వాడు వేసుకున్న ఆఖరి చొక్కా సార్ అది. వాడి జ్వరం సిరప్ కూడా నారింజే. ఎప్పుడూ గంట బతిమాలితేగాని మింగేవాడు కాదు. నాలుగు నెలల కిందట ఒకరోజు, ఇంట్లో చూద్దామని ఈ నారింజ శాంపిలు సీసా పట్టుకెళ్లాను. నేను స్నానం చేసి వచ్చేసరికి ఖాళీ సీసా చూపించి అన్నాడు, ‘మొత్తం నేనే తాగేశానమ్మా, ఇంక నువ్వు బతిమాలక్కర్లేదు’ అని.”