నాలుగు నిమ్మకాయలు

కొబ్బరికాయ కొట్టి, కొత్త కారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, పంతులుగారు పక్కకు తప్పుకున్నారు. హిమజ ఫోనులో యాప్ తెరిచి, "బయలుదేరు" అంది. కారు కదల్లేదు.

"చక్రాల కింద ఏవో ఉన్నాయి. తీసేశాక వెళ్దాం," అంది ఫోను, ఎంతో మర్యాదగా.

"తీసేస్తే ఎలాగమ్మా? తొక్కితేనే కదా దిష్టి పోయేది," అన్నారు పంతులుగారు.

'ఫర్వాలేదు, పోనీ' అనే బటన్ కోసం హిమజ వెతకలేదు. స్టీరింగులు పోయాక కార్లన్నిటినీ నడిపే ఈ యాప్‌ను తయారుచేసింది తనే. వాడేవాళ్లకు తికమక ఉండకూడదని నిరుడు ఆ బటన్ తీసేసిందీ తనే. అందుకు ఆఫీసులో శాలువా కూడా కప్పారు.

ఎండ మాడ్చేస్తోంది. వెనక ఇంకో ఆరు కొత్త కార్లు పూజకు ఆగి ఉన్నాయి.

పంతులుగారు నడుం పట్టుకుని వంగి, నిమ్మకాయలు ఏరారు. ఇంటి దగ్గరే రసం పిండి, అణిచి తెచ్చిన నిమ్మడొప్పలు సంచిలోంచి తీసి ఆ చోట పెట్టారు.

"ముందు కాయలే పెడతానమ్మా, ఏ కారైనా తొక్కుతుందేమోనని."

ఈసారి కారు డొప్పల మీదుగా మెత్తగా ముందుకు సాగి ఆగింది.

"వీటితో దిష్టి పోతుందా, పంతులుగారూ?"

"ఏమోనమ్మా. కారైతే కదులుతోంది," అంటూ ఆయన నిమ్మకాయలు పట్టుకుని వెనక కారు దగ్గరికి నడిచారు.