పన్నెండో తారీఖు బిల్లు

"ఇంకో నాలుగు డబ్బాలు వెయ్యి. తొంభై అయిదు వేలకి తేవాలి" అన్నాడు రంగుల షాపాయన.

హోల్‌సేల్ గోడౌన్ గుమస్తా కాలిక్యులేటర్ మీంచి తలెత్తాడు. "సరుకు చూసుకుని బిల్లు వేయించుకునేవాళ్ళని చూశాగానీ సార్, బిల్లు చూసుకుని సరుకు కొనేది మీరొక్కరే. ఇంతకీ ఏ రంగు వెయ్యమంటారు?"

"ఏదో ఒకటి. నీకు నచ్చింది వెయ్యి."

జేబులోంచి కార్డు తీశాడు. భార్య పేరు మీదున్న క్రెడిట్ కార్డుకి జోడీగా తను ఇప్పించుకున్న రెండో కార్డు అది. గీకేది ఈయన, లెక్కలోకి ఎక్కేది ఆవిడ పేరు. మెషీన్ కీచుమని రసీదు కక్కింది. పదకొండో తారీఖు, సాయంత్రం నాలుగు గంటలు. ఆయన ప్రాణం హాయిగా ఉంది.

బయట స్కూటర్ మీద కూర్చున్న లోన్ల ఏజెంటు ఆయనకి పాత స్నేహితుడు. రసీదు చూసి తల పట్టుకున్నాడు.

"మళ్ళీనా అన్నా? లక్ష లిమిట్ కార్డు మీద తొంభై అయిదు వేలా? మూడో వంతు దాటితేనే బ్యాంకోళ్ళు మొహం చిట్లిస్తారు. వదిన క్రెడిట్ స్కోరు ఏమైపోవాలి?"

"గడువులోగా చిల్లరతో సహా కట్టేస్తున్నాగా?"

"నువ్వు కట్టేది వచ్చే నెల ఒకటిన. బిల్లు తయారయ్యేది రేపు, పన్నెండున. రేపటికి ఎంత వాడి ఉంటే ఆ లెక్కే స్కోరు వేసేవాళ్ళకి చేరుతుంది. వాళ్ళ కంటికి వదిన అప్పుల్లో పీకల్దాకా మునిగిన మనిషి. నీకెన్నిసార్లు చెప్పాను! పదమూడున కొనుక్కో. రెండ్రోజులు ఆగలేవూ?"

"ఆగలేను" అని నవ్వాడు రంగుల షాపాయన.

ఆ నవ్వు చూసేసరికి ఏజెంటు గొంతు తగ్గిపోయింది. "తెలిసే చేస్తున్నావా అన్నా?"

"లోను తీసుకుని కుట్టు మెషీన్లు కొంటుందట. నాలుగు. మెషీన్లొస్తే వాటికో గది కావాలి. గదంటూ వచ్చాక, రాత్రికి ఈ ఇంటికే వస్తుందని రాసిచ్చేదెవరు?" ఆయన రసీదుని నాలుగు మడతలు పెట్టాడు. "నేను వద్దన్నానా చెప్పు? ఒక్క మాటన్నానా? బ్యాంకువాళ్ళే వద్దంటున్నారు. ఇప్పటికి రెండుసార్లు. పాపం."

ఏజెంటు స్కూటర్ తిప్పుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇంట్లో భార్య వంటింటి బల్ల ముందు కూర్చుని, అరిగిపోయిన చొక్కా కాలర్ విప్పి తిరగేసి కుడుతోంది. ఫోను పక్కనే ఉంది. కార్డు గీకిన మెసేజ్ వచ్చే ఉంటుంది.

"మళ్ళీ వాడారా?" అంది, సూది మీంచి చూపు తియ్యకుండా.

"సీజను కదా. సరుకు లేకపోతే షాపులో కూర్చుని ఈగలు తోలుకోవాలి. అయినా నీకెందుకు బెంగ? ఒకటో తారీఖుకల్లా కట్టేది నేను. ఏ నెలైనా ఒక్క రోజు ఆలస్యం చేశానా?"

"లేదండీ. ఒక్క రోజు కూడా చెయ్యలేదు."

"మరి! నాలాంటి మొగుడు దొరకాలంటే పెట్టిపుట్టాలి."

"పన్నెండు దాటాక కొనమని అడిగాను కదా."

"మర్చిపోయానే. ఈ వయసులో తారీఖులు ఎక్కడ గుర్తుంటాయ్?"

ఆవిడ పళ్ళతో దారం తెంపింది. "నెలాఖరుకి మళ్ళీ బ్యాంకుకి వెళ్తున్నాను. గది అద్దెకిచ్చేవాళ్ళు అప్పటిదాకానే ఆగుతామన్నారు. ఈసారి కాకపోతే ఇక లేదు."

"వెళ్ళవోయ్, వెళ్ళు. కాదన్నదెవరు?" అని ప్రేమగా ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి కాసేపటిదాకా తియ్యలేదు. ఆవిడ సూది కూడా కదల్లేదు.

నెలాఖరు రోజు షాపు పెందరాళే మూసి ఇంటికొచ్చాడు. ఆవిడ మొహం చూడాలి. మొదటిసారి లోను రానప్పుడు ఏడ్చింది. రెండోసారి అన్నం మానేసింది. ఈసారి తనంతట తనే "నాకే మెషీన్లూ వద్దండీ" అనాలి. ఆ మాట వినడానికే తలుపు మూసి గడియ పెట్టాడు. కుర్చీ లాక్కొచ్చి, ఆవిడకీ తలుపుకీ మధ్య వేసుకుని కూర్చున్నాడు.

"ఏమన్నారు బ్యాంకులో?"

"ఇచ్చారండీ."

"ఏమిచ్చారు?"

"లోను."

"అబద్ధం" అన్నాడు.

ఆవిడ కాగితం ఒకటి బల్ల మీద ముందుకి తోసింది. స్టాంపు ఉంది, సంతకం ఉంది. స్కోరు తొమ్మిది వందలకి ఏడువందల తొంభై అని ఉంది. ఆయన ఒకటికి మూడుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎలా ఇస్తారు? కార్డు నిండా వాడాను కదే! పదకొండున, నాలుగింటికి, తారీఖు చూసుకుని మరీ వాడాను!"

అనేశాక గానీ ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. ఆవిడ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. అది చూసి ఆయనకి ఇంకా మండింది. లేచి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి ఆవిడ మొహం మీదకి వంగాడు.

"ఏం చేశావ్? మర్యాదగా చెప్పు."

ఆవిడ వెనక్కి జరగలేదు.

"ఒక్క సంతకం తప్ప నేనేం చెయ్యలేదండీ" అంది నెమ్మదిగా. "మీరు వాడిన తొంభై అయిదు వేలు ఇప్పుడు లిమిట్లో ఆరో వంతు కూడా కాదు. నెలనెలా అంత వాడి ఒక్క రోజైనా ఆలస్యం లేకుండా కడుతున్నారని మెచ్చుకుని, బ్యాంకువాళ్ళే పోయిన నెల నా చేత సంతకం పెట్టించుకుని కార్డు లిమిట్ ఆరు లక్షలు చేశారు."