అన్నీ కోడలి తప్పులే

కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే సగం కాఫీ శ్యామలాంబ చీర మీదకే కారింది.

"సొట్టగ్లాసులో పోసి ఇచ్చావా? చీర పాడుచేద్దామనేగా!" అని కోడలి మీద లేచింది.

రామతులసి తల వంచుకుని, "ఏమన్నారండీ?" అంది.

"చెవుడు కూడానా? రెండేసిసార్లు చెప్పాలా మహారాణికి?"

నిన్నటిదాకా బాగానే వినపడేది. కావాలనే చేస్తోంది. చేసుకోనీ, ఈ పూటేగా! నిన్ననే మొగల్తూరు ఫోన్ చేసి, వచ్చి కూతుర్ని తీసుకుపొమ్మని వియ్యంకుడు చంద్రరావుతో చెప్పేసింది. కొడుకు హరిబాబు రొయ్యల చెరువు దగ్గర్నించి వచ్చేలోపు పిల్ల గడప దాటాలి. మళ్లీ తొక్కకూడదు.

వంటింట్లో గిన్నె చప్పుడు. శ్యామలాంబకి చెవిలో మేకు దిగినట్టయింది.

"నా మీద కోపం గిన్నెల మీద చూపిస్తున్నావా?"

"మూత పెట్టానండి, అంతే."

తాళింపు ఘాటొకటి. ఎడమ కంట్లోంచి నీళ్లు ఆగడం లేదు.

అన్నానికి కూర్చుంది. చేపల పులుసు కలిపిన ముద్ద గడ్డిలా ఉంది.

"ఉప్పు లేదు, పులుపు లేదు. పోయే రోజు కూడా సాధింపేనా?"

"సరిపోయాయండి. నేను రుచి చూశాను."

"నాకు పెట్టకుండానే ఎంగిలి చేశావన్నమాట!"

రామతులసి వెళ్లి బట్టలు సర్దుకుంది. జడ వేసుకుంటుంటే శ్యామలాంబ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"అద్దాన్ని వదలవేంటే? ఆయన పోయాక నేను అద్దంలో మొహం చూసుకుని ఎరుగను."

ఇంతలో చంద్రరావు వచ్చాడు. ఆయన చెప్పులు విప్పకముందే శ్యామలాంబ మొదలుపెట్టింది.

"మీ అమ్మాయిని మీరే ఏలుకోండి. పొద్దున్నించీ ఒక్కటంటే ఒక్క పని సరిగ్గా చేస్తే ఒట్టు!"

చంద్రరావు వినడం లేదు. చేతిలో సంచి నెమ్మదిగా కింద పెట్టి కూతురి వైపు తిరిగాడు.

"ఇదేంటమ్మా? ఎప్పట్నించి ఇలా? డాక్టరు దగ్గరకి తీసుకెళ్లలేదేంటి?"

రామతులసి బెదురుగా అత్తగారి వైపు చూసింది.

"పొద్దున లేచిన దగ్గర్నించీ అత్తయ్యగారి మూతి అలా ఓ పక్కకే ఉంది నాన్నా, రోజూలాగే నన్ను చూసి తిప్పుకున్నారనుకున్నాను."