మిగతా రెండు దెబ్బలు

"నా బండి అద్దమే పగలగొడతావురా!"

క్యాంపు మైదానం కుళాయి దగ్గర బకెట్టు వదిలేసి ఆయన పరుగెత్తాడు. పొద్దున వంటా పడకా అన్నీ ఉన్న తమ ఇంటిబండి చక్రాల కింద చెక్కలు సర్దిపెట్టిన పక్క బండి మనిషే, ఇప్పుడు సుత్తితో కిటికీ బద్దలు కొడుతున్నాడు. లోపల భార్య నిద్రపోతోంది. తాళం తన జేబులో ఉంది.

బండి పక్కన పడున్న జాకీ రాడ్డు తీసి వీపు మీద ఒక్కటేశాడు. ఆ మనిషి కూలబడ్డాడు. రెండోది భుజం మీద. మూడో దెబ్బకి నుదురు చిట్లి కళ్ళలోకి నెత్తురు కారింది.

"కావాలంటే ఇంకో నాలుగు కొట్టు అన్నా, లోపల స్విచ్చు మాత్రం వెయ్యకు! గ్యాసు! ముందు వదినని బయటికి లాగు!"

ఆయన తాళం తీసి లాక్కొచ్చాడు. గడ్డిలో కూర్చుని ఆమె దగ్గింది, ఊపిరి పీల్చుకుంది.

"పాలు పొంగి మంట ఆరిపోయుంటుంది. పొయ్యి మీద పెట్టి వెళ్ళింది మీరేగా! పైగా కాపాడినవాణ్ణి చావగొడతారా?" అంటూ తువ్వాలు అతని నుదుటికి కట్టింది.

"పోనీలే వదినా, అన్న కంగారులో కొట్టాడు. నేనైనా అంతే."

 ఆయన కంగారులో కొట్టింది మొదటి దెబ్బే. పగిలిన అద్దంలోంచి గ్యాసు వాసన అప్పుడే ముక్కుకి తగిలింది, పొయ్యి మీద పాలు మరిచింది తనేనని గుర్తొచ్చింది. మిగతా రెండూ అది తెలిసే కొట్టాడు.