గోడ వెనక మట్టలు

"ఏమ్మా, ఏం జేస్తాండావ్?"

దస్తగిర్ అరుపుకు ఆమె ఉలిక్కిపడింది. చేతిలోని ఎండు ఖర్జూరపు మట్ట జారిపోయింది.

అరబ్బు దేశంలో, బర్కా అనే ఊళ్ళోని ఆ ఖర్జూరపు తోటను చూసుకునేది దస్తగిర్, ఖాదర్‌వలి. ఇద్దరిదీ కడప జిల్లా. ముందున్న రామసుబ్బయ్య ఇంటికి పోయాడని అర్బాబు, అంటే తోట యజమాని, వీళ్ళను పెట్టుకున్నాడు. ఉండడానికి కొత్త రేకుల రూము కూడా వేయించాడు.

రేకులు ఎండకు కాగుతున్నాయని, ఎండు మట్టలన్నీ తెచ్చి వెనక గోడకు ఆనించారు. ఆ మధ్య వచ్చిన గోను తుఫానుకు పడిపోయిన చెట్లవే బోలెడు. రూము చల్లబడింది. చల్లగా ఉంటే మనిషి ఇంకేం ఆలోచిస్తాడు?

శుక్రవారం సెలవు వస్తే చాలు, దగ్గర్లోని ఒక ఇంట్లో పనిచేసే ఈమె వచ్చి వాటిని లాక్కుపోతోంది.

"మేకల కొట్టానికా?"

"కాదు నాయనా. గోడకు ఆనించొద్దండి. పక్కతోటోళ్ళు చెత్త కాలబెడతాంటారు. మీ బిడ్డలు మీ కోసరం చూస్తాంటారు గదా."

"మా సంగతి నీకేల?"

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. రూము వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

మరుసటి శుక్రవారం మళ్ళీ వచ్చింది. దస్తగిర్‌కు ఒళ్ళు మండింది. నేరుగా ఆమె పనిచేసే ఇంటికి వెళ్ళి, "మీ పనిమనిషి దొంగ" అని చెప్పేశాడు.

ఆ తర్వాత ఆమె కనిపించలేదు. పీడ విరగడైందనుకున్నాడు. గోడ వెనక మళ్ళీ మట్టలు పేర్చాడు.

నెల తిరక్కుండానే పక్కతోటలో చెత్త తగలబెట్టారు. గాలి ఇటు తిరిగింది. మట్టలు భగ్గుమన్నాయి. లోపల కునుకు తీస్తున్న ఖాదర్‌వలిని దస్తగిర్ బయటికి లాగాడు గానీ, అప్పటికే అతని రెండు చేతులూ కాలిపోయాయి. ఇక చెట్టెక్కలేడని డాక్టరు చెప్పాడు.

ఖాదర్‌వలి దస్తగిర్ నోటికందించిన ముద్ద తిని పక్కకు తిరిగి పడుకునేవాడు. తిట్టినా బాగుండేది.

దస్తగిర్ తోటలో ఒక్క ఎండు మట్ట లేకుండా ఏరేశాడు. గాలి వీచేటప్పుడు నిప్పు పెట్టొద్దని పక్కతోటలవాళ్ళను బతిమాలి ఒప్పించాడు. ఆమె కాళ్ళు పట్టుకుందామని ఆ ఇంటికి వెళ్ళాడు.

గేటు దగ్గర ఆ ఇంటి డ్రైవర్ ఇమ్రాన్ ఉన్నాడు.

"సుబ్బలక్ష్మమ్మనా? దొంగదని ఊరికి పంపేసినారు భాయ్."

"నా నోటి పుణ్యమే అదంతా. ఆయమ్మకు మా మీద అంత పట్టింపు ఏందన్నా?"

"మీకు చెప్తే ఆ రూములో మీకు నిద్ర పట్టదని నా నోరు కూడా మూయించింది."

"ఏం చెప్తే?"

ఇమ్రాన్ గేటు దగ్గరికి వేసి బయటికొచ్చాడు.

"రామసుబ్బయ్య ఇంటికి పోయింది పెట్టెలో భాయ్. గోడకు ఆనించిన మట్టలంటుకోని పాత రూము కాలినప్పుడు లోపల ఉండింది ఆయనే, ఆయన పెండ్లామే ఈయమ్మ."