నీలం పోగులు

"ఈ నీలం పోగులన్నీ కాళ్లకు పోయే నరాలమ్మా. తలలో నీరు పేరుకుని వీటినెలా నొక్కేసిందో చూడండి." స్కానింగ్ డాక్టరు హుషారుగా తెర మీద వేలు పెట్టి చూపించాడు. అంగీకార పత్రం, పెన్ను రోగి కూతురి ముందుకు జరిపాడు. "సంతకం పెడితే మా పరిశోధనలో చేర్చుకుంటాం. ఇంత స్పష్టంగా పాడైన కేసు మళ్లీ దొరకదు."

తలుపవతల చక్రాల కుర్చీలో ఆమె తండ్రి కునికిపాట్లు పడుతున్నాడు.

"నీరు తీస్తే నాన్న నడుస్తారాండీ?"

"మూడేళ్ల కిందటే తీసుంటే నడిచేవారేమో. చదువుకున్న మీరే ఇన్నాళ్లు నాన్చితే ఎలాగమ్మా?"

ఆమె సంచిలోంచి పాత స్కాన్ రిపోర్టు తీసి ఇచ్చింది.

"నాన్చలేదండీ. అప్పుడే చూపించాం. వయసు వల్ల మెదడు కుంచించుకుపోయింది, చేసేదేం లేదని రాసిచ్చారు."

"ఏ మహానుభావుడో," అని నవ్వుతూ ఆయన చివరిదాకా చదివాడు. అడుగున ఉన్నది తన సంతకమే.

ఆయన రిపోర్టు మడిచి బల్ల మీద పెట్టాడు. "రోజుకి అరవై స్కాన్లు చూసేవాణ్ణమ్మా అప్పట్లో."

ఆమె పెన్నుకు మూత పెట్టి ఆయన వైపు జరిపింది.

"మీ ఒక్క సంతకాన్ని నమ్మి మా నాన్న మూడేళ్లు కుర్చీకి అతుక్కుపోయారండీ. ఇప్పుడు నా సంతకం అడక్కండి."